డబ్బాలు

రాత్రి రెండుంబావు. ముసఫ్ఫా.
క్యాంపు ఆఫీసు వెనక చీపుర్ల గది,
అందులోనే సర్వరు.
బయట ఇసుక గాలి ఇనుప తలుపును గోకుతుంది,
లోపల ఏసీ నీళ్లు బకెట్లో చుక్క చుక్క.
డిస్కు తొంభై ఎనిమిది శాతం నిండిందని
మిషిను మూడు రోజులుగా మొత్తుకుంటుంది.

సరే, ఇల్లు సర్దుదామని కూర్చున్న.

ఆప్ట్ ముందుగాల ఒక జాబితా ఇచ్చింది:
ఎవరి కోసమో వచ్చినయి,
పిలిచినోడు పోయినంక మిగిలిపోయినయి.
అనాథలంటరు వీటిని మా పనిలో.
ఇక్కడి మాటలో అయితే ఖల్లివెల్లి.
కఫీలు లేడు, కాగితం లేదు,
అయినా ఏదో మూల పడుకొని చోటు తింటున్నయి.
పాత కెర్నళ్లు ఏడు.
ఎన్నడో అమ్మేసిన స్కానరు తాలూకు లైబ్రరీలు పదకొండు.
తీసెయ్యాల్నా అని అడిగింది.
వై కొట్టిన.

అక్కడ ఆగితే బాగుండు.
ఊపందుకున్న చీపురు గడప దగ్గర ఆగదు.

చేత్తో ఎక్కించిన వాటి పట్టీ తెరిచిన.
వీటిని మిషిను తనంతట తాను ముట్టదు,
ఒక మనిషి కావాలని తెచ్చుకున్నయని దానికి మర్యాద.
నాకంటే ముందు ఈ కుర్చీలో రొహేలియో ఉండె,
ఇలోయిలో నుంచి వచ్చినోడు,
కీబోర్డు సందుల్లో ఇప్పటికీ అతని బిస్కెట్ పొడి.
అతని పట్టీలో నూట పన్నెండో వరుస:
తెలుగు ఫాంట్లు.

నవ్వొచ్చింది.
తెర లేని మిషిను. చూసేటోడు లేని గది.
ఈ ఫిలిప్పీన్సాయనకు తెలుగెందుకు?
దీని మీద ఏ ప్యాకేజీ ఆధారపడి లేదని
ఆప్ట్ కూడా సాక్ష్యం చెప్పింది.
వట్టిగ తీస్తే సెట్టింగులు మిగుల్తయని
పర్జ్ కొట్టిన, వేర్లతో సహా.
నాలుగు ఎంబీ దొరికింది.
పొద్దుగాల చాయ తాగి పడుకున్న.

ఒకటో తారీఖు సాయంత్రం
తలుపు తట్టింది తోకల ఆశన్న,
షట్టరింగ్ కార్పెంటరు, నాలుగో బ్లాకు.
చేతిల జీతం చీటీ.
అంకెలున్నయి. అంకెల ముందట మాటలుండే చోట
వరుసగా ఖాళీ డబ్బాలు,
తలుపులు పెట్టని గదుల లెక్క.

"ఏంది సారూ,
డబ్బులకు బదులు డబ్బాలిచ్చిండ్రు?
నూటెనభై దేనికి కోసిండ్రో ఎట్ల తెల్వాలె?"
ఆయన వెనక ఇంకా పదిమంది,
అందరి చేతుల్లో అవే డబ్బాలు.

చీటీ అచ్చేసే స్క్రిప్టు తన ఆధారాన్ని ఎక్కడా రాసుకోలేదు.
ఆశన్న అసలే రాయలేదు.
ఏ జాబితాలో చూస్తే తెలుస్తది,
ఫలానా ఫాంటు మీద
ఫలానా మనిషి ఆధారపడి ఉన్నడని?

తిరిగి ఎక్కిద్దామంటే
వర్షను పాతది, మిర్రరు ఎత్తేసిండ్రు,
నాలుగు వందల నాలుగు.
రొహేలియోకు ఫోను చేసిన.
వెనక కోళ్లు, పిల్లల అల్లరి.
"ఆ గుండ్రటి అక్షరాలా!" అన్నడు.
"నాకు చదవరాదు.
కానీ అవి లేని నెల
ఎవడూ వేలిముద్ర వెయ్యలే."
పాత ఆర్కైవు అడ్రసు ఒక్కొక్క అక్షరం చెప్పిండు,
అరచేతి మీద రాసుకున్న.

తెలుగు తెలవని చెయ్యి ఎక్కించింది.
తెలుగోన్ని, నేను పీకేసిన.
దీన్ని ఎట్ల తిప్పి చెప్పుకున్నా
నాకు నచ్చేటట్టు రాలేదు.

ఫాంటు దిగింది. హోల్డ్ పెట్టిన,
ఇంకెవరూ, నాతో సహా, ఊరికే ముట్టకుండ.
ఎందుకని రాద్దామంటే
హోల్డుకు కారణం రాసే చోటు లేదు.
కాగితం ముక్క మీద రాసి సర్వరు నెత్తిన అంటించిన:
ఇది నాలుగో బ్లాకుది, అడిగి తియ్యండి.

చీటీలు మళ్లీ అచ్చయినయి, ఇంకా వెచ్చగున్నయి.
ఆశన్న బల్బు కిందికి పోయి
వేలు పెట్టి చదివిండు, పెదాలు కదుపుతూ.
మూలవేతనం.
ఓవర్‌టైము.
మెస్సు కోత.
అక్కడ వేలు ఆగింది.

"మెస్సా? పోయిన నెల
పన్నెండు దినాలు మెస్సే బందు గద!"

చీటీ మడిచి జేబుల పెట్టుకొని
ఫోర్‌మన్ గది దిక్కు నడిచిండు,
పదిమంది ఆయన వెనక.
మలుపు కాడ ఒక్కసారి తిరిగి అన్నడు:
"అచ్చరం మంచిగనే ఒచ్చింది సారూ.
లెక్కనే తప్పు."